ట్రాక్టర్ వెనక హైడ్రాలిక్స్: ఒక చిన్న చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అనే చాలామంది అనుకుంటారు. పొలంలో వాడే పనిముట్లకి కూడా చరిత్ర ఉంది. మా రాజపాలయంలో ఎన్ని మిల్లులున్నా, పడమటి కొండల కింద కొబ్బరితోటలు, మామిడితోటలు, వరిపొలాలు ఇంకా ఉన్నాయి. పెద్ద ట్రాక్టర్ కొబ్బరిచెట్ల వరసల మధ్య తిరగడం కష్టం. అందుకే తోటలున్నవాళ్లు చిన్న ట్రాక్టర్ కొంటారు. మా చిన్నాన్న దగ్గర కూడా అలాంటిదొకటి ఉంది. కల్టివేటర్‌ని ఎత్తే చేతులు దానికి మొదటినుంచీ ఉన్నాయి. టిప్పర్ ట్రైలర్‌ని ఎత్తడానికి నూనె బయటికి వచ్చే దారి మాత్రం లేదు. పోయిన ఏడాది ఆ దారి వర్క్‌షాపులో పెట్టించారు. అది చూశాక దీని చరిత్ర తెలుసుకోవాలనిపించింది.

పాస్కల్ నుంచి ఫెర్గూసన్ దాకా

తొమ్మిదో తరగతి సైన్సులో పాస్కల్ నియమం చదువుకున్నాం. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా చేరుతుంది. ఇది చెప్పిన ఫ్రాన్సు శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ 1662లో చనిపోయాడు. ఆ నియమంతో జోసెఫ్ బ్రామా అనే ఇంగ్లండు పనివాడు హైడ్రాలిక్ ప్రెస్ తయారుచేసి 1795లో పేటెంట్ తీసుకున్నాడు. పత్తిని బేళ్లుగా నొక్కడానికి కూడా తర్వాత ఇలాంటి ప్రెస్సులే వచ్చాయి.

దీన్ని పొలానికి బాగా పనికొచ్చేలా చేసినవాడు హ్యారీ ఫెర్గూసన్. 1884లో ఐర్లండులో రైతు ఇంట్లో పుట్టాడు. ఆ కాలంలో ట్రాక్టర్ వెనక నాగలిని గొలుసుతోనో కొక్కెంతోనో కట్టి లాగేవారు. నాగలి రాయికో వేరుకో తగులుకుంటే ట్రాక్టర్ ముందుభాగం పైకి లేచి, వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడేది. అలా ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. ఫెర్గూసన్ నాగలిని మూడు చోట్ల ట్రాక్టర్‌కి బిగించి, హైడ్రాలిక్ శక్తితో ఎత్తేలా, దించేలా చేశాడు. నాగలి లాగుడు వల్ల వెనక చక్రాల మీద బరువు పడి పట్టు పెరిగింది. అంటే ట్రాక్టర్ బరువుగా ఉండక్కర్లేదు, తేలికైనదీ బాగా దున్నగలదు. మా ఊళ్లో తిరిగే చిన్న ట్రాక్టర్లకి మూలం ఈ ఆలోచనే.

ఈ పద్ధతితో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టర్ 1936లో అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది మా ఊళ్లో పి.ఎ.సి. రామస్వామి రాజా గారు రాజపాలయం మిల్స్ స్థాపించారు. 1938లో ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డ్ చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు, కాగితం మీద ఏమీ రాసుకోలేదు. మరుసటి ఏడాది ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ వచ్చింది. ఫోర్డ్ మనవడి కాలంలో ఆ ఒప్పందం చెడింది. ఫెర్గూసన్ కోర్టుకి వెళ్లాడు. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లు తీసుకుని రాజీ పడ్డాడు. మాట మీద నడిచే మన ఊరి వ్యవహారాలకి కూడా ఇందులో పాఠం ఉంది! 1953లో ఆయన కంపెనీ మాస్సీ-హ్యారిస్‌తో కలిసింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే సంస్థ మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారుచేసింది. అలా ఒక ఐర్లండు రైతుబిడ్డ పేరు మన తమిళనాడు రోడ్ల మీద తిరుగుతోంది.

వెనక కొత్త దారి ఎలా పెడతారు?

ఇంజన్ తిరిగినంతసేపూ పంపు నూనెని తోస్తూనే ఉంటుంది. కొత్తగా పెట్టే వాల్వు ఆ దారిని మూసేయకూడదు. మూసేస్తే కల్టివేటర్ లేవదు, నూనె కాగిపోతుంది. అందుకే పంపు నుంచి నూనె వచ్చే దారి, లిఫ్ట్‌కి ముందుకు పోయే దారి, గేర్‌బాక్సుకి తిరిగి చేరే దారి వేరువేరుగా ఉన్న వాల్వు పెడతారు. ట్రైలర్ తన బరువుతోనే దిగుతుంది కాబట్టి దాని జాకీకి ఒక్క గొట్టం చాలు. తిరగేసి దున్నే నాగలికైతే రెండు గొట్టాలు కావాలి.

లెక్క చూడండి. 8 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న పిస్టన్ వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటర్ మీద 150 కిలోల ఒత్తిడి ఉంటే మొత్తం 7,500 కిలోల బలం! అందుకే జాగ్రత్త కూడా అంతే కావాలి. ఎత్తిన ట్రైలర్ కింద ఆనిక పెట్టకుండా దూరకూడదు. గొట్టం కారుతుంటే చేత్తో తడిమి చూడకూడదు, ఆ ఒత్తిడికి నూనె చర్మంలోకి దూసుకుపోతుంది.

లాభం ఎవరికి?

ఇంతకుముందు ట్రైలర్ ఎరువు దించాలంటే నలుగురు గంపలతో మోసేవారు. ఇప్పుడు లివర్ లాగితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. మోసేవాళ్లలో ఒక అక్కని అడిగాను. “నడుం నొప్పి తగ్గింది తమ్ముడూ, కూలి కూడా తగ్గింది” అంది. చిన్నాన్నని అడిగితే, “పిలిస్తే నలుగురు దొరికితేగా! సగంమంది మిల్లుకి పోతున్నారు” అన్నారు. ఇద్దరు చెప్పిందీ నిజమే.

ఫెర్గూసన్ యంత్రం డ్రైవర్ల ప్రాణాలు కాపాడింది, మనిషి నడుం మీది బరువు తీసింది. ఆ బరువు మోసి బతికినవాళ్లకి ఇంకో పని చూపడం మాత్రం ఏ యంత్రానికీ రాదు. అది మనుషులే చేయాలి. పనిముట్ల చరిత్ర రాసేటప్పుడు కనిపెట్టినవాడి పేరు పక్కన, గంప మోసినవాళ్ల మాట కూడా రాయాలని నా అభిప్రాయం.