ఆశ్రయం నుంచి ఇంటికి

1860లో లండన్‌లోని హాలోవేలో మేరీ టీల్బీ అనే మహిళ, తప్పిపోయి ఆకలితో అలమటించే కుక్కలకు ఆశ్రయం నెలకొల్పినప్పుడు పత్రికలు పరిహసించాయి. 1871లో బాటర్సీకి తరలిన ఆ సంస్థ నేటికీ కుక్కలను కొత్త ఇళ్లకు చేరుస్తోంది. అప్పటికి రేబీస్‌ను నివారించే టీకా లేదు. పాశ్చర్ మనిషికి తొలిసారి దానిని ఇచ్చింది 1885లో. మా ఉద్యోగకాలంలోనూ కుక్కకాటుకు బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లం. ఆ భయం నేటికీ పోలేదు.

ఇప్పుడు కుక్కకే ముందుగా టీకా వేయించవచ్చు. ఆశ్రయం నుంచి చిన్న కుక్కను తెచ్చుకొనేవారు టీకాల కార్డు అడిగి చూడాలి; పశువైద్యుని సలహాతో నులిపురుగుల మందు, రేబీస్ టీకా క్రమం తప్పక వేయించాలి. కరిచినా, గీరినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బు నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

టీకా లేని కాలంలోనే ఆమె తలుపు తెరిచింది. టీకా ఉన్న మనకు సంకోచమెందుకు?