మైకేల్ హెసెల్‌టైన్

మైకేల్ హెసెల్‌టైన్ (జననం: 1933 మార్చి 21) బ్రిటన్‌కు చెందిన కన్జర్వేటివ్ నాయకుడు, పత్రికా ప్రచురణకర్త. హేమార్కెట్ ప్రచురణ సంస్థ స్థాపకుల్లో ఒకరు. 1966 నుంచి 2001 వరకు కామన్స్ సభ సభ్యుడు. పర్యావరణ, రక్షణ, వాణిజ్య శాఖల మంత్రిగా, 1995-97 మధ్య ఉప ప్రధానిగా పనిచేశారు. ప్రధాని మార్గరెట్ థాచర్‌పై 1990లో పోటీకి దిగిన నేతగా లోకానికి ఎక్కువగా తెలుసు. పాడుబడిన నగరాలకు మళ్లీ జీవం పోయడానికి ఆయన చేసిన కృషి అంతకన్నా విలువైనది.

బాల్యం, వ్యాపారం

వేల్స్‌లోని స్వాన్‌సీలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కళాశాలలో చదువుతూ 1954లో ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అధ్యక్షుడయ్యారు. తర్వాత లండన్‌లో అకౌంటెన్సీ శిక్షణకు చేరారు. అదే సమయంలో ఒక మిత్రునితో కలిసి, చెరి వెయ్యి పౌండ్ల పెట్టుబడితో ఇళ్ల వ్యాపారం మొదలుపెట్టారు.

క్లైవ్ లాబోవిచ్‌తో కలిసి ప్రచురణ రంగంలోకి వచ్చారు. పట్టభద్రులకు ఉద్యోగావకాశాలు తెలిపే డైరెక్టరీ వారి తొలి విజయం. 1960ల ఆరంభంలో ‘టాపిక్’ అనే వార్తా వారపత్రిక దెబ్బతీసింది. సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది, భాగస్వాములు విడిపోయారు. 1966లో బ్రిటిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ తోడ్పాటుతో వచ్చిన ‘మేనేజ్‌మెంట్ టుడే’ హేమార్కెట్‌ను నిలబెట్టింది. దీని వెనకున్న సూత్రం ఇది: ఒక వృత్తివారి సంఘాన్ని కలుపుకొని, వారి కోసమే పత్రిక నడిపితే ఆ పాఠకులను కోరుకునే ప్రకటనదారులు వాళ్లంతట వాళ్లే వస్తారు. 1968లో ప్రకటనల రంగం కోసం ‘క్యాంపెయిన్’ పత్రిక మొదలైంది. 1970లో మంత్రి పదవి రావడంతో డైరెక్టర్ పదవి వదిలి, తన వాటాలను ట్రస్టుకు అప్పగించారు.

పార్లమెంటులో

1959లో గోవర్‌లో, 1964లో కోవెంట్రీ నార్త్‌లో ఓడి, 1966లో టావిస్టాక్ నుంచి గెలిచారు. 1974 నుంచి హెన్లీకి ప్రాతినిధ్యం వహించారు. 1976 మేలో విమాన, నౌకా నిర్మాణ పరిశ్రమల జాతీయీకరణ బిల్లుపై ఓటింగ్ ముగిశాక లేబర్ సభ్యులు ‘రెడ్ ఫ్లాగ్’ గీతం అందుకోగా, ఆగ్రహంతో సభలోని రాజదండాన్ని పైకెత్తారు. ఆయనకున్న ‘టార్జాన్’ అన్న మారుపేరుకు ఈ ఘటన మరింత బలమిచ్చింది.

లివర్‌పూల్, లండన్ రేవులు

1979లో పర్యావరణ మంత్రి అయ్యారు. కౌన్సిల్ ఇళ్లలో అద్దెకుంటున్నవారికి వాటిని కొనుక్కునే హక్కునిచ్చిన 1980 గృహ చట్టం ఆయన హయాంలోనిదే. 1981 జులైలో లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్‌లో అల్లర్లు చెలరేగాయి. ఆ నగరాన్ని దాని మానాన వదిలేయాలన్న సలహా ప్రభుత్వంలోనే వినిపించింది. హెసెల్‌టైన్ వారాల తరబడి అక్కడే ఉండి ప్రజలతో మాట్లాడారు. బ్యాంకులు, బీమా కంపెనీల అధిపతులను బస్సెక్కించి, పాడుబడిన వీధులను కళ్లారా చూపించారు. ప్రభుత్వం ముందుగా కొంత సొమ్ము పెడితే ప్రైవేటు పెట్టుబడి వెంట వస్తుందన్నది ఆయన నమ్మకం. 1981లోనే ఏర్పడిన అభివృద్ధి సంస్థల ద్వారా లివర్‌పూల్ ఆల్బర్ట్ డాక్ పునరుద్ధరణకు, లండన్ పాత రేవుల ప్రాంతంలో కొత్త నిర్మాణాలకు దారి పడింది.

రాజీనామా, నాయకత్వ పోటీ

1983లో రక్షణ మంత్రి అయ్యారు. వెస్ట్‌ల్యాండ్ హెలికాప్టర్ కంపెనీని ఆదుకునే బాధ్యత ఐరోపా సంస్థల కూటమికి దక్కాలని పట్టుబట్టారు. థాచర్ అమెరికా సంస్థ సికోర్‌స్కీ వైపు మొగ్గారు. ఈ అంశంపై మంత్రుల ప్రకటనలన్నీ కేబినెట్ కార్యాలయం ఆమోదం పొందాలని 1986 జనవరి 9న నిర్ణయించగానే, కాగితాలు సర్దుకుని, రాజీనామా చేసి సమావేశం నుంచి వెళ్లిపోయారు.

1990 నవంబరు 20న జరిగిన పార్టీ ఎన్నికలో థాచర్‌కు 204, హెసెల్‌టైన్‌కు 152 ఓట్లు వచ్చాయి. నిబంధన ప్రకారం కావాల్సిన ఆధిక్యానికి నాలుగు ఓట్లు తగ్గడంతో రెండో విడత తప్పలేదు. థాచర్ తప్పుకున్నారు. రెండో విడతలో జాన్ మేజర్‌కు 185, హెసెల్‌టైన్‌కు 131, డగ్లస్ హర్డ్‌కు 56 ఓట్లు పడ్డాయి.

మేజర్ ప్రభుత్వం, తర్వాత

మళ్లీ పర్యావరణ మంత్రిగా, జనాగ్రహానికి గురైన పోల్ ట్యాక్స్ స్థానంలో కౌన్సిల్ ట్యాక్స్‌ను రూపొందించారు. 1992లో వాణిజ్య శాఖకు మారారు. ఆ అక్టోబరులో 31 బొగ్గు గనుల మూసివేతను ప్రకటించడంతో దాదాపు 30,000 మంది ఉపాధి ప్రశ్నార్థకమైంది. సొంత పార్టీ నుంచి కూడా నిరసన రావడంతో కొన్ని గనులకు తాత్కాలికంగా ఊపిరి దక్కింది. గని ఊళ్లకు ఇది మానని గాయం. ఆయన ప్రజాజీవితంలో పెద్ద మచ్చ.

1993లో గుండెపోటు వచ్చినా కోలుకుని, 1995లో ఉప ప్రధాని అయ్యారు. 1997 ఎన్నికల్లో పార్టీ ఓడిన తర్వాత గుండె సమస్య వల్ల నాయకత్వ పోటీకి దూరంగా ఉండి, తిరిగి హేమార్కెట్‌పై దృష్టి పెట్టారు. 2001లో లార్డ్స్ సభకు వెళ్లారు. బ్రెగ్జిట్ బిల్లుపై ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసినందుకు 2017లో సలహాదారు పదవి పోయింది.

అంచనా

మార్కెట్‌ను నమ్మిన పార్టీలో ఉంటూనే, మార్కెట్ తనంతట తాను చేరని చోటికి దాన్ని నడిపించడం ప్రభుత్వ బాధ్యత అని హెసెల్‌టైన్ వాదించారు. ప్రధాని పీఠం ఆయనకు దక్కలేదు. ఒకప్పుడు కన్జర్వేటివ్‌లంటే గిట్టని లివర్‌పూల్ మాత్రం 2012లో ‘ఫ్రీడమ్ ఆఫ్ ది సిటీ’ పురస్కారంతో ఆయనను గౌరవించింది.