ఆన్‌లైన్ వేలంలో పాత శాక్సోఫోన్: ఏది అసలు, ఏది పొరపాటు?

పాత శాక్సోఫోన్ల వేలంలో బాగా ధర పలికే పేర్లలో సెల్మర్ మార్క్ సిక్స్ ఒకటి. ప్యారిస్‌కు చెందిన హెన్రీ సెల్మర్ సంస్థ దీన్ని 1954లో తెచ్చింది. ఆల్టో, టెనర్ రకాల తయారీ 1970ల మధ్యలో ఆగింది. ఆ గిరాకీ చూసి, ‘సెల్మర్’ అనే మాట ఉన్న ప్రతి వాద్యాన్నీ అదే కోవలో చూపి అమ్ముతున్నారు. ఇందులో అచ్చమైన నకిలీలు తక్కువే. అటక మీద దొరికిన పెట్టెలో ఏముందో అమ్మేవారికే తెలియకపోవడం ఎక్కువ. కొన్నవారి జేబుకు మాత్రం రెండూ ఒకటే.

ముందుగా చూడాల్సింది ‘బండీ’ అన్న పేరు. ఇది అమెరికాలోని సెల్మర్ సంస్థ విద్యార్థుల కోసం అమ్మిన రకం. ఆ సంస్థ 1963లో బ్యూషర్ కంపెనీని కొన్నది. తర్వాతి బండీలు చాలావరకు బ్యూషర్ నమూనాలే. బడి పిల్లలకు గట్టి వాద్యమే, కానీ మార్క్ సిక్స్‌కు బంధువు కాదు. అయితే అమెరికా పేరు కనిపించగానే కొట్టిపారేయకూడదు. ప్యారిస్‌లో తయారై, అమెరికాలోని ఎల్కార్ట్‌లో బిగించి నగిషీ చెక్కిన మార్క్ సిక్స్‌లూ ఉన్నాయి.

రెండో చిక్కు సీరియల్ నంబరు. ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. 1,40,000 ప్రాంతపు నంబరు సెల్మర్‌ది అయితే 1960ల రెండో సగం, కాన్ కంపెనీది అయితే 1920ల మధ్యకాలం. అసలు సీరియల్ నంబరే కానిదాన్ని నంబరుగా చదివేవారూ ఉన్నారు. పాత కాన్ వాద్యాలపై డిసెంబరు 8, 1914 అన్న తేదీ, పక్కనే 1119954 అన్న అంకె ఉంటాయి. వాటిని చూసి ‘1914 నాటిది’ అని ప్రకటన రాసేస్తారు. నిజానికి అవి ఒక పేటెంటు వివరాలు. స్వరరంధ్రాల అంచులను విడిగా అతికించకుండా గొట్టం లోహం నుంచే పైకి లాగే పద్ధతికి ఇచ్చిన పేటెంటు అది. వాద్యం దానికి పదేళ్ల తర్వాతిది కావచ్చు.

కాన్, మార్టిన్, బ్యూషర్ కంపెనీలు దుకాణాల పేర్లతోనూ వాద్యాలు చేసి ఇచ్చాయి. వీటిని స్టెన్సిళ్లు అంటారు. పైన ఏ పేరున్నా చేసిందెవరో రంధ్రాల అంచులు కొంత చెబుతాయి. మార్టిన్ అంచులు అతికించినవి, పైభాగం ఏటవాలుగా ఉంటుంది. కాన్ సొంత పేరుతో 1920ల నుంచి 1940ల దాకా అమ్మిన చాలా వాద్యాల్లో అంచు బయటికి చుట్టి ఉంటుంది. అది చేసిన స్టెన్సిళ్లలో సాధారణంగా ఈ చుట్టు కనిపించదు. అందుకే ‘కాన్‌తో సమానం’ అన్న మాటకు కాన్ ధర పెట్టనక్కర్లేదు.

అన్నిటికన్నా నష్టం తెచ్చేది మాత్రం ఒక చిన్న అక్షరం. సీరియల్ నంబరు దగ్గర ‘ఎల్’ ఉంటే నేటి శ్రుతి, అంటే సుమారు 440 హెర్ట్జ్. ‘హెచ్’ ఉంటే పాత హై పిచ్, సుమారు 457. తేడా అర సెమీటోన్‌కు పైనే. మౌత్‌పీస్ బయటికి లాగి శ్రుతి తగ్గిస్తే స్వరాల మధ్య దూరాలు చెడతాయి. గోడకు అలంకారంగా తప్ప, బృందంలో వాయించడానికి అది పనికిరాదు. సి మెలొడీ రకంతోనూ ఇదే ఇబ్బంది. ఆల్టోకూ టెనర్‌కూ మధ్య సైజు కావడంతో ఒక్కోచోట ఒక్కో పేరుతో అమ్ముతారు. 1920లలో పియానో కాగితం చూసి ఇంట్లో వాయించుకోవడానికి కొన్న వాద్యం అది. టెనర్‌కు రాసిన సంగీతానికి సరిపోదు.

‘చార్లీ పార్కర్ వాడిన మోడల్’ అన్న ప్రకటనలకు కొదవలేదు. 1953లో టొరంటోలో పార్కర్ వాయించిన ప్లాస్టిక్ గ్రాఫ్టన్ 1994లో లండన్ క్రిస్టీస్ వేలంలో 93,500 పౌండ్లకు అమ్ముడైంది. ఆ ధర ఆయన చేతిలోని ఆ ఒక్క వాద్యానిది, మోడల్‌ది కాదు.

పాట పెట్టే ముందు నాలుగు దగ్గరి ఫొటోలు అడగాలి: సీరియల్ నంబరు, దాని చుట్టూ ఉన్న అక్షరాలు, ఒక రంధ్రపు అంచు, నెక్. మార్క్ సిక్స్ నెక్ మీద నంబరు గొట్టం నంబరుతో కలవకపోతే ధర తగ్గాలి. నగిషీ గీతలు అరిగి మసకబారితే మళ్లీ పాలిష్ చేసి లక్క పూశారని అనుమానించాలి. భారత్‌కు తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, తిరిగి పంపే ఖర్చు కూడా కలుస్తాయి కాబట్టి, ఫొటోలు పంపని అమ్మకందారును వదిలేయడమే చవక.