ఒడ్డుకు కొట్టుకొచ్చిన జన్మరత్నం

జనవరిలో పుట్టిన పిల్ల గార్నెట్ పెట్టుకోవాలి, ఫిబ్రవరి పిల్ల అమెథిస్టు, జులై పిల్ల కెంపు. గార్నెట్‌కి స్నేహమని అర్థమట, అమెథిస్టుకి నిగ్రహమట, కెంపుకి ప్రేమట! వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఏ ఋషులో చెప్పిన మాటేమో అనిపిస్తుంది కూడా. కాని నెలకో రాయి చొప్పున ఇప్పుడు చెలామణీ అవుతున్న జాబితాను ఖాయం చేసినవాళ్ళు 1912లో అమెరికాలోని కాన్సాస్‌లో సమావేశమైన నగల వర్తకులు!

అంతకుముందు రాళ్ళమీద నమ్మకం లేదని కాదు. బైబిల్లో ప్రధాన యాజకుడి వక్షఫలకం మీద పన్నెండు రాళ్ళున్నాయి. మనకా, నవగ్రహాలకు నవరత్నాలు – సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, రాహువుకి గోమేధికం. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో రత్నపరీక్ష గురించి రాశాడు. వర్తకులు ఆ పాత నమ్మకాన్ని తెచ్చి క్యాలెండరుకి తగిలించారు. 1967లో గాని బయటపడని టాంజనైటుకి 2002లో డిసెంబరు నెలలో చోటిచ్చారు. మరి అంతకుముందు డిసెంబరులో పుట్టినవాళ్ళ గతేమిటని అడక్కండి!

ఇక మా శ్రీకాకుళం సంగతి. టెక్కలి దాటి భావనపాడు ఒడ్డున నడిస్తే, అల వెనక్కి తగ్గిన చోట ఇసుకమీద నల్లటి చారా, ఎర్రటి చారా కనిపిస్తాయి. నల్లది ఇల్మనైటు. ఎర్రది గార్నెట్, సాక్షాత్తూ జనవరి రత్నం! తూర్పు కనుమల్లో ఖొండలైట్ అనే రాయి ఉంది. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో దానికా పేరు పెట్టారు. ఆ రాయి వానకి అరిగి, వంశధార, మహేంద్రతనయల వెంట సముద్రానికి చేరితే, అలలు ఆ నలుసుల్ని ఉద్దానం ఒడ్డుకి తెచ్చిపోస్తాయి.

రాహువు గారి గోమేధికమూ గార్నెట్ జాతిదే. కాని మన ఇసుకలోది పూస తొలిచేంత పెద్దది కాదు. దాంతో ఉప్పుకాగితం చేస్తారు, గ్రానైటుని కోసే నీటిధారలో కలుపుతారు. ఒకే జాతి రాయి. ఒకటి వేలెక్కింది, ఒకటి కూలికి వెళ్ళింది. పలాసలో జీడిపిక్కలు కొట్టి వేళ్ళు నల్లబడిన ఆడవాళ్ళని చూసినప్పుడల్లా నాకా ఎర్రచారే గుర్తొస్తుంది.

పెళ్ళి కుదరడం లేదని అప్పుచేసి మరీ పిల్ల వేలికి రాయి తొడిగే తల్లుల్ని చూశాను. ఆ రాయి ధరలో సగం కథకే పోతుంది, తల్లీ!

ముచ్చట తీర్చుకోవాలంటే గార్నెట్ రంగు గాజుపూసలు కొనుక్కోండి. నల్లపూసలు గుచ్చుకున్న చేతులకి ఇదొక లెక్కా? పూసలు దొర్లకుండా పళ్ళెంలో మెత్తటి గుడ్డ పరవండి. దారం కొసకి మైనం రాస్తే సూదిలా నిలబడుతుంది. పెద్దపూసని నడిమధ్య ఉంచి, రెండువైపులా సమంగా గుచ్చుకుంటూ రండి. పూసకీ పూసకీ మధ్య ముడి వేస్తే, దారం తెగినా దండంతా రాలిపోదు.

దీని అర్థమేమిటని పిల్ల అడిగితే, అమ్మ కూర్చుని గుచ్చిందని చెప్పండి.