కొంగలు దిగిన మంచునది

తెల్లవారగానే నడక మొదలుపెట్టారు. ముందున్నవాళ్ళు కర్రతో మంచును పొడిచి చూసి, గట్టిగా తగిలాకే అడుగు వేస్తున్నారు. ఎండాకాలంలో మన చెరువు మట్టి నెర్రెలు విచ్చినట్టు అక్కడ మంచు నెర్రెలు విచ్చి ఉంటుంది. కాకపోతే ఈ నెర్రెలో కాలు కాదు, మనిషికి మనిషే మాయమైపోతాడు. పైన కొత్త మంచు పరుచుకుంటే అక్కడ నెర్రె ఉందన్న సంగతే తెలియదు. నడవలేనివాళ్ళను స్లెడ్జి మీద కట్టి లాగుతున్నారు. కింద ఉన్న కొండ బసకు చేరితే చాలు, ఆ తర్వాతి సంగతి తర్వాత.

1946 నవంబర్ 24. స్విట్జర్లాండ్‌లోని గౌలి హిమానీనదం. ఆ మంచు మీద 12 మంది అయిదు రాత్రులు గడిపారు.

పది దాటింది. లోయ వైపు నుంచి ఇంజిన్ చప్పుడు వినిపించింది. అప్పటికి రెండు రోజులుగా నెత్తిమీద విమానాలు తిరుగుతూనే ఉన్నాయి, అయితే అవన్నీ పెద్దవి. ఈ చప్పుడు వేరు. సన్నగా, తొందర లేకుండా వస్తోంది. పొడుగాటి కాళ్ళు వేలాడేసుకుని ఒక చిన్న విమానం కొండ గట్టు దాటి కనపడింది. కాళ్ళకు చక్రాలు లేవు. రెండు చెక్కలు కట్టి ఉన్నాయి.

* * *

అయిదు రోజులు వెనక్కి వెళ్దాం.

నవంబర్ 19, మంగళవారం. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గరున్న టుల్న్ నుంచి మ్యూనిక్ మీదుగా ఇటలీలోని పీసాకు వెళ్తున్న అమెరికా సైనిక విమానం అది. సీ-53 రకం, డకోటాల కుటుంబం. అదే కాలంలో మన బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలకు తోబుట్టువు అనుకోవచ్చు. నలుగురు సిబ్బంది, ఎనిమిది మంది ప్రయాణికులు. ప్రయాణికుల్లో పెద్ద సైనికాధికారులు, వాళ్ళ భార్యలు, 11 ఏళ్ళ పాప. విమానం నడుపుతున్న కుర్రాడి తల్లి కూడా వెనక సీట్లలోనే ఉంది. అతని తండ్రి ఆస్ట్రియాలోని అమెరికా సేనలో బ్రిగేడియర్ జనరల్.

వాతావరణం బాగాలేదు. మబ్బుల్లో దారి తప్పారు. ఎదురుగా ఉన్నది కొండో మబ్బో తేలేలోగా, దాదాపు 3,350 మీటర్ల ఎత్తున, విమానం పొట్టతో వెళ్ళి మంచును కొట్టింది. ముక్కు గుద్దుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. అది బోర్లా పడి జారింది. లోతైన కొత్త మంచు దాని వేగాన్నంతా మింగేసింది. కొందరికి దెబ్బలు తగిలాయి, కాళ్ళు విరిగాయి. ప్రాణం మాత్రం ఒక్కరిదీ పోలేదు.

మంచే వేగాన్ని మింగి బతికించడం అనే ఈ ముక్కను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

రేడియో పనిచేసింది. పడిపోయామని చెప్పగలిగారు. ఎక్కడ పడ్డారో మాత్రం వాళ్ళకే తెలియదు. ఫ్రాన్స్ వైపు ఆల్ప్స్‌లో ఉన్నామనుకున్నారు, వెతికేవాళ్ళూ ముందు అటే వెతికారు. ఇక్కడ మైరింగెన్ అనే ఊరు కథలోకి వస్తుంది. బెర్న్ కొండల నడుమ ఉన్న చిన్న ఊరు, పక్కనే సైనిక విమానాశ్రయం. అక్కడివాళ్ళకు ఆ సందేశాలు గట్టిగా వినపడ్డాయి. ఫ్రాన్స్‌లో పడ్డ విమానం గొంతు ఇన్ని కొండలు దాటి ఇంత స్పష్టంగా రావడమేమిటి? పడ్డది మన పెరట్లోనే అయి ఉండాలి అన్నది వాళ్ళ లెక్క. షెర్లాక్ హోమ్స్‌ను కోనన్ డాయిల్ 'చంపేసిన' రైషెన్‌బాఖ్ జలపాతం ఈ మైరింగెన్ పక్కనే ఉంది. ఆ ఊరి గాలిలోనే ఆ గుణం ఉందేమో!

పైన 12 మంది మంచు కరిగించుకుని తాగుతూ, ఉన్న చాక్లెట్లను లెక్కపెట్టి పంచుకుంటున్నారు. విరిగిన విమానమే ఇల్లు. 22న ఆకాశం తెరిపినివ్వడంతో గాలింపు విమానాల కంటపడ్డారు. అమెరికా సైన్యం రైలెక్కించి జీపులు, మంచు బండ్లు పంపింది. అవి ఎక్కగలిగిన కొండ కాదది. 23న స్విస్ కొండవీరులు మంచులో దాదాపు 13 గంటలు నడిచి మధ్యాహ్నం వేళ విమానం దగ్గరికి చేరారు. అప్పటికి దింపే సమయం మించిపోయింది. ఆ రాత్రి రక్షించడానికి వచ్చినవాళ్ళు కూడా అక్కడే వణికారు.

* * *

ఆదివారం పొద్దున వచ్చిన ఆ చిన్న విమానం పేరు ష్టోర్ఖ్. జర్మన్ భాషలో ఆ మాటకు కొంగ అని అర్థం. యుద్ధకాలంలో జర్మన్లు చేసిన విమానమే. పేరు పెట్టినవాడికి కళ్ళున్నాయనాలి, నిలబడితే అచ్చం కొంగే. గంటకు 50 కిలోమీటర్ల వేగానికి తగ్గించినా పడిపోదు. ఎదురుగాలి బలంగా ఉంటే కింద నుంచి చూసేవాళ్ళకు ఆకాశంలో నిలబడినట్టే కనిపిస్తుంది. రెండు కొంగలు వచ్చాయి. ఒకదాన్ని మేజర్ పిష్టా హిట్స్, ఇంకోదాన్ని కెప్టెన్ విక్టర్ హుగ్ నడిపారు.

ఆ దిగుడును కాస్త దగ్గర నుంచి చూద్దాం. అసలు విషయమంతా అందులోనే ఉంది.

రన్‌వే మీద దిగేటప్పుడు పైలట్‌కు నేల తెలుస్తూ ఉంటుంది. గీతలుంటాయి, దీపాలుంటాయి, పక్కన గడ్డి ఉంటుంది. మంచుకొండ మీద ఉండేది ఒకటే తెలుపు. మబ్బు కమ్మితే నీడ కూడా ఉండదు. నేల పది అడుగుల కింద ఉందో వంద అడుగుల కింద ఉందో కన్ను చెప్పలేదు. ఆ తెలుపులో ఒక నల్లటి వస్తువు, మనిషో, మూటో, చెట్టుకొమ్మో కనపడితే చాలు, కంటికి ఆధారం దొరుకుతుంది. ఆ రోజు మంచు మీద బారులు తీరి నిలబడ్డ మనుషులే ఆ పని చేసి ఉంటారని నా ఊహ.

ఇంకో చిక్కు గాలితో. అంత ఎత్తున గాలి పలచబడుతుంది. ఇంజిన్ కూడా మనిషిలాగే రొప్పుతుంది, కింద చూపించే బలంలో మూడో వంతుకు దగ్గరగా పోగొట్టుకుంటుంది. రెక్కకు దొరికే పట్టూ తగ్గుతుంది. పైగా చక్రాల బదులు కట్టిన ఆ చెక్కలకు, అంటే స్కీలకు, బ్రేకులుండవు. నున్నటి చెక్క, నున్నటి మంచు. ఒకసారి ఆనిందంటే ఆపేది వాలు ఒక్కటే.

ఆగడమూ ప్రమాదమే. స్కీ జారేటప్పుడు రాపిడికి కింది మంచు కొద్దిగా కరుగుతుంది. ఆగిన మరుక్షణం ఆ తడి గడ్డకట్టి స్కీని నేలకు అతికించేస్తుంది. ఇడ్లీ రేకుకు పిండి అంటుకున్నట్టు, ఇంజిన్ ఎంత గర్జించినా కదలదు. అప్పుడు మనుషులు తోక పట్టుకుని ఊపాలి, రెక్క కొస పట్టుకుని ఆడించాలి. ఊడివచ్చిన వెంటనే విమానం పరుగందుకుంటుంది, ఊపినవాళ్ళు పక్కకు దూకాలి.

హిట్స్, హుగ్ ఇవన్నీ పడ్డారు. ఒక్కోసారి ఒకరిద్దరికి మించి ఎక్కించుకోలేరు. ముందు దెబ్బలు తగిలినవాళ్ళు, తర్వాత మిగిలినవాళ్ళు. 8 సార్లు కొండెక్కి దిగితే గానీ 12 మందీ కింద మైరింగెన్‌కు చేరలేదు. అయిదు రోజులు, వేరే దేశపు సైన్యం, రైలు, జీపులు, పదమూడు గంటల నడక ఇవన్నీ కలిసి పూర్తిచేయలేని పనిని రెండు కొంగలు ఒక్క పూటలో ముగించాయి. స్విట్జర్లాండ్‌లో విమాన రక్షణ సేవ పుట్టింది ఆ రోజేనంటారు. 1952లో ఆ పనికంటూ ఒక సంస్థే వెలిసింది.

* * *

నన్ను ఈ కథలోకి లాగింది రక్షణ కాదు, సరదా. నమ్మండి, అదే ఆల్ప్స్‌లో ఇప్పుడు ఆదివారాలు కొందరు డాక్టర్లు, వడ్రంగులు, బడిపంతుళ్ళు సరదాకు చిన్న విమానం తీసుకెళ్ళి మంచునది మీద దించుతారు, ఫ్లాస్కులో కాఫీ తాగి వచ్చేస్తారు. ప్రాణాలు కాపాడటానికి చేసిన సాహసం శీతాకాలపు కాలక్షేపం ఎలా అయింది?

ఆ సంగతి స్విట్జర్లాండ్‌లోని 'వాలే' అనే ప్రాంతానికి చెందిన పైలట్ హెర్మన్ గైగర్‌ను అడగాలి. 1914లో సావియేజ్ అనే పల్లెలో పుట్టాడు. పోలీసు ఉద్యోగం చేశాడు, సియోన్ విమానాశ్రయం చూసుకున్నాడు. కొండ బసలకు సరుకులు ఆకాశం నుంచి జారవిడవడం అతని పని. జారవిడిస్తే సగం పగిలేవి, సగం దొరికేవి కావు. దిగి ఇచ్చేస్తే పోలేదా అనుకున్నాడు. ఎలా దిగాలో ఆల్ప్స్ కాకుల్ని చూసి నేర్చుకున్నానని చెప్పేవాడట. కాకి కొండకొమ్ము మీద వాలేటప్పుడు పై నుంచి కిందికి దిగదు. కాస్త కిందికి వచ్చి, వాలు వెంట పైకి లేస్తూ, వేగమంతా ఎత్తులో ఖర్చుపెట్టేసి, ఇక ఎగరలేననే చోట కాలు ఆనిస్తుంది.

గైగర్ విమానాన్నీ అలాగే దించాడు. దిగడమేమో ఎగువకు, ఎగరడమేమో దిగువకు. 1952 మే 10న కాండర్ మంచునది మీద తన పైపర్ సూపర్ కబ్‌ను వాలుకు ఎదురుగా ఎక్కించి ఆపాడు. దాని స్కీలను పైలటే ఒక మీటతో కిందికి పైకి జరపగలడు. చక్రం స్కీ నడుమ సందులోంచి తొంగిచూస్తుంది. కింద తారు రోడ్డు మీద చక్రాలతో లేచి, పైన మంచు మీద స్కీలతో దిగొచ్చు. ఆ చిన్న మీట వల్లే సరదాకు తలుపు తెరుచుకుంది. లేకపోతే మంచు ఉన్నచోట్నుంచే బయల్దేరాలి, మంచు ఉన్నచోటుకే తిరిగి రావాలి.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇదే. గౌలి మీద డకోటా మంచు వేగాన్ని మింగడం వల్ల బతికింది. అది అదృష్టం. గైగర్ ఆ మంచుకు వాలునూ జోడించాడు, బ్రేకులు లేని విమానానికి కొండనే బ్రేకు చేశాడు. అదృష్టం కాస్తా నేర్చుకోగలిగిన విద్య అయింది. విద్య అయ్యాక నేర్చుకునేవాళ్ళు వచ్చారు.

ఎగువకు దిగడం వినడానికి బాగుంటుంది గానీ, చేసేవాడికి ఒక గీత ఉంది. దాన్ని దాటాక మనసు మార్చుకోవడానికి వీల్లేదు. ముందు కొండ, మళ్ళీ లేచి తిరిగిపోవడానికి చోటు చాలదు. అందుకే ముందు పై నుంచి రెండు మూడు చుట్లు తిరిగి చూస్తారు, గాలి ఎటు, నెర్రెలెక్కడ, ఎండ ఎటు నుంచి. ఆనిన తర్వాత కూడా ఇంజిన్ తగ్గించకూడదు. తగ్గిస్తే వాలు మధ్యలో ఆగిపోయి వెనక్కి జారుతుంది. మిట్ట దాకా తోలుకెళ్ళి, చివర్లో విమానాన్ని వాలుకు అడ్డంగా తిప్పి నిలపాలి. ఎడ్లబండిని గట్టు మీద ఆపేవాడు కూడా బండిని ఇలాగే అడ్డం పెడతాడు. తర్వాత దిగి, స్కీ కింద పుల్లో చెక్కో దోపి, అప్పుడు కాఫీ.

ఎక్కడ పడితే అక్కడ దిగడానికి వీల్లేదు. స్విట్జర్లాండ్‌లో దాదాపు 40 చోట్లను మాత్రమే ప్రభుత్వం గుర్తించింది. పేటర్స్‌గ్రాట్, మోంటే రోజా లాంటివి. ఫ్రాన్స్ ఇంకా గట్టిది. 1960 జూన్ 23న ఆంరీ జిరో అనే పైలట్ మోంబ్లాం శిఖరం మీదే, 4,800 మీటర్ల ఎత్తున, సూపర్ కబ్ దించాడు. అలాంటివాణ్ణి కన్న ఆ దేశమే 1985లో పర్వత చట్టం తెచ్చి, కొండల్లో సరదా దిగుళ్ళకు దాదాపు ముగింపు పలికింది. నడిచి ఎక్కేవాడికి నిశ్శబ్దం కావాలి, ఎగిరి దిగేవాడికీ అదే కావాలి గానీ, అది వాడు ఇంజిన్ ఆపాకే మొదలవుతుంది. ఈ తగువులో నా మొగ్గు నడిచేవాడి వైపే, అయినా ఎవరైనా ఒక్కసారి ఎక్కిస్తానంటే వద్దనను.

గైగర్ మంచు మీద చనిపోలేదు. 1966 ఆగస్టు 26న, సియోన్‌లో, రోజూ లేచే రన్‌వే మీద నుంచే లేస్తూ ఒక గ్లైడర్‌ను ఢీకొని పోయాడు.

గౌలి మీద వదిలేసిన డకోటాను మంచు కప్పేసింది. మంచునది పేరుకు తగ్గట్టు నదే, కంటికి కనపడకుండా కిందికి జారుతూనే ఉంటుంది, కడుపులో ఉన్నదాన్ని కూడా మోసుకుపోతుంది. 2012లో కొండెక్కుతున్న ముగ్గురు కుర్రాళ్ళకు మంచులోంచి పొడుచుకొచ్చిన ప్రొపెల్లర్ కనపడింది. 2018 వేసవిలో ఎండలు మండి ఇంకా కొన్ని ముక్కలు తేలితే సైన్యం వెళ్ళి ఏరుకొచ్చింది. మిగిలిన విమానం ఇంకా లోపలే ఉంది, పడిన చోటుకు చాలా దిగువన.