బ్రెయిల్ అండ్ స్పీక్

అంధుల కోసం 1987లో అమెరికా ఇంజనీరు డీన్ బ్లేజీ తెచ్చిన, చేతిలో ఇమిడే మాట్లాడే నోట్సు యంత్రం. తెర లేదు. ఉన్నవి ఏడే మీటలు: బ్రెయిల్ చుక్కలకు ఆరు, ఖాళీకి ఒకటి. ఎడమచేతి వేళ్లు 1, 2, 3 చుక్కలను, కుడిచేతి వేళ్లు 4, 5, 6 చుక్కలను నొక్కుతాయి. 1, 3 కలిపి నొక్కితే ఇంగ్లీషు ‘కె’. భారతీయ భాషలకు వాడే, 1951 నాటి భారతి బ్రెయిల్‌లో అదే మన ‘క’. రాసింది యంత్రం చదివి వినిపిస్తుంది. పలకా, సూదీతో ఒక్కో చుక్కా పొడిచి, కాగితం తిప్పి తడుముకున్నవారికి ఇదెంత ఊరటో! నేడు తెలుగు చదివే ఫోన్లున్నాయి. అయినా దోమకొండ వంటి ఊళ్లోనైనా, హైదరాబాదులోనైనా అంధ బాలలకు ముందుగా బ్రెయిల్ నేర్పాలి. అక్షరక్రమం వేళ్లకే తెలుస్తుంది.