పాటల బృందము నుండి టెలివిజన్ తెరకు

పాడేవారు వేరు, పాటను గూర్చి చెప్పేవారు వేరు అన్నది రేడియోలో మాకు అలవాటైన ఏర్పాటు. ప్రకటనకర్త చిత్రం పేరు, గాయకుల పేర్లు చదివి తప్పుకొంటాడు. ఆపైన పాటదే రాజ్యం. ఈ రెండు పనులనూ ఒక్కచేతి మీద నడిపి, తెలుగు టెలివిజన్‌లో దానినొక విద్యగా నిలిపినవారు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం.

1946 జూన్ 4న జన్మించిన ఆయనకు ఈ విద్య ఇంటిలోనే ఎదురైనది. తండ్రి సాంబమూర్తి గారు హరికథా భాగవతులు. కీర్తన ఆపి పిట్టకథ చెప్పడం, సభ నవ్వుచుండగానే మరల రాగమందుకోవడం హరికథకుని నేర్పు. శ్రీరామనవమి పందిళ్లలో కథ విన్న అమలాపురం, రాజోలు పెద్దలకు దీనిని వివరించనక్కరలేదు.

మద్రాసులో ఇంజనీరింగు చదువుతూ ఆయన ఒక లలితసంగీత బృందాన్ని నడిపినారు. ఇళయరాజా, గంగై అమరన్, భాస్కర్ సోదరులు అందులో వాద్యకారులు. ఇట్టి బృందంలో గాయకుని పని పాటతో ముగియదు. తబలా శ్రుతి చేసుకొనేంతసేపు జనాన్ని కూర్చోబెట్టాలి, తోటివారిని సభకు పరిచయం చేయాలి, ఎవరి వంతు ఎప్పుడో ఎరిగి ఉండాలి. 1966 డిసెంబరు 15న కోదండపాణి గారు ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు ఆయనచేత తొలి పాట పాడించిన తరువాత సినిమా ఆయనను పూర్తిగా తీసుకొన్నది. రికార్డింగు గదిలో మాటకు చోటు లేదు. ఆ నేర్పు చాలాకాలం మరుగుపడినది.

1995 ఆగస్టులో ఈటీవీ ప్రారంభమైనది. మరుసటి ఏడు ‘పాడుతా తీయగా’ వచ్చినది. ఆ 1996లోనే నవంబరు 6 తుపాను కోనసీమలో కొబ్బరితోటలనూ కరెంటు స్తంభాలనూ కలిపి పడగొట్టినది. వెలుగు మరల వచ్చిన ఇండ్లలో ఈ కార్యక్రమానికి ఇరుగుపొరుగు కూడా చేరేవారు. బ్యాటరీ రేడియో మరల అటక ఎక్కినదని మేము నొచ్చుకోవచ్చును గాని, అక్కడ జరిగినది మంచి పని. పాటను హీరో పేరుతో గుర్తుంచుకొనే జనానికి దానిని వ్రాసిన కవి ఎవరో, బాణీ ఎవరిదో, వెనుక వాద్యం వాయించినవారెవరో ఆయన పేరుపేరునా చెప్పినారు. ఒత్తు జారితే ఆపినారు. శకార సకారాల తేడా పాడి చూపినారు. పోటీ నుండి వెడలిపోయే పిల్లవానికి ఏమి చెప్పాలన్నదే ఇట్టి వేదికపై కష్టమైన ఘట్టం. తీర్పును కప్పిపుచ్చకుండా, గొంతును చిన్నబుచ్చకుండా అక్కడ మాట్లాడగలగడం అందరికీ చేతనైనది కాదు. ఒక్కొక్కప్పుడు ఆయన ముచ్చట సాగిసాగి పాట వేచి ఉండేది. నిమిషాలు లెక్కించే మావంటివారికి అది కొంత అసూయ కూడ.

ఆ వేదికపై పాడిన విజయవాడ యువతి స్మిత 2000లో ‘హాయ్ రబ్బా’తో తెలుగు పాప్ పాటకు పేరు తెచ్చినది. 2023లో ‘నిజం విత్ స్మిత’ అన్న ముఖాముఖీ కార్యక్రమానికి తానే నిర్వాహకురాలైనది. ఆమె పరిచయం చేసినది పాటలను కాదు, మనుషులను.

బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న కన్నుమూసినారు. మరుసటి ఏడు ‘పాడుతా తీయగా’ మైకును కుమారుడు చరణ్ అందుకొన్నారు, ఆయనా గాయకుడే.